నిమ్మకాయకు చచ్చిన నురగ

నురగంటే నాకు అసహ్యం. టీ కొట్టువాడు గ్లాసు నిండా నురగ తేల్చి ఇస్తే ముందు దాన్ని ఊది పారేసి, కింద మిగిలిన గుక్కెడు చూసి, వాణ్ణి నాలుగు మాటలు అని, అప్పుడు తాగుతాను. ఇది ముసలితనంతో వచ్చిన చాదస్తమని మా ఇంట్లోవాళ్ళు అంటారు. కాదు. ఈ అసహ్యం నాకు మీసాలు రాకముందే పట్టుకుంది.

ఐదో తరగతితో నా చదువు ఆగిపోయింది. జగ్గయ్యపేటలో బట్టల సబ్బు వండే చిన్న షెడ్డులో పనికి చేరాను. నూనెలో కాస్టిక్ నీళ్ళు కలిపి ఇనప బానల్లో ఉడికించి, చెక్క అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక తీగతో కోసేవాళ్ళం. నిఖార్సయిన సబ్బు. మురికిని పట్టి లాగేది. కాకపోతే మాది మెట్ట ప్రాంతం. బావి నీళ్ళలో సున్నం పాలు ఎక్కువ. అలాంటి నీళ్ళలో సబ్బు సరిగ్గా నురగ కట్టదు. ఆడవాళ్ళు బిళ్ళలు తిరిగి తెచ్చి మా యజమాని ముందు పడేసేవారు. "ఏం సబ్బయ్యా ఇది, ఇటిక ముక్కతో రుద్దుకున్నట్టుంది. నురగేదీ?" అనేవారు. అదే సబ్బుతో ఉతికిన పంచె వాళ్ళ వెనక తీగ మీద మల్లెపువ్వులా ఆరుతుండేది. అది ఎవరికీ పట్టలేదు. యజమాని నూనె తగ్గించి, ఉత్త నురగ పొంగించే పొడి ఒకటి తెప్పించి కలిపాడు. మురికి వదలడం సగానికి పడిపోయింది, నురగ మాత్రం మోచేతుల దాకా లేచింది. ఊరంతా సంతోషించింది. మురికి ఉంటే ఉండనీ, నురగ కనపడాలి! ఆ రోజు మనుషుల మీద కలిగిన రోత నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఆ తర్వాత అంతకంటే పెద్దవి చాలా చూశాను కాబట్టి తగ్గే అవకాశం కూడా రాలేదు.

అసలీ నురగ ఏమిటో తెలుసుకోవాలని పాత కాగితాల కొట్లో తూకానికి పడ్డ రసాయనశాస్త్రం పుస్తకాలు తెచ్చుకుని, అర్థం కాని చోట వేలు పెట్టి పదిసార్లు చదివి నేర్చుకున్నాను. మా ఆవిడ చింతపండు పిసికిన చేతిని సబ్బు నీళ్ళ గిన్నెలో ముంచినప్పుడు నురగ ఠక్కున పడిపోయి తెల్లటి తెట్టు తేలడం చూసి, "ఇదిగో, పుస్తకంలో ఉన్నది ఇదే!" అని అరిచాను. ఆవిడ భయపడి గిన్నె వదిలేసింది. పులుపు తగిలితే సబ్బు నురగ చస్తుంది. ఇప్పుడు బజార్లో దొరికే డిటర్జెంటు పొడి నురగ మాత్రం పులుపుకీ చావదు, దేనికీ చావదు. ఈ తేడా ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయే కథలో దీన్ని గుర్తుపెట్టుకోనివాళ్ళే అందరూ.

మా మేనల్లుడికి ముక్త్యాల రోడ్డు మీద లారీల వాటర్ సర్వీసింగు షెడ్డు ఉంది. ఆ రోడ్డున రోజంతా తిరిగేవి సిమెంటు లారీలే. అవి మా వాడి ర్యాంపు ఎక్కేసరికి బూడిద పూసుకున్న బైరాగుల్లా ఉంటాయి. మావాడు డిటర్జెంటు కలిపిన నీళ్ళు గొట్టంతో కొడతాడు. లారీ మొత్తం తెల్లటి దూదికొండ అవుతుంది. తర్వాత నీళ్ళు కొడితే ఆ నురగా, దాంతో పాటు గ్రీజూ డీజిలూ అన్నీ కాలవలో పడి, పల్లానికి పోయి, రోడ్డు అవతల ఉన్న కుంటలో కలుస్తాయి.

ఆ కుంట గట్టు మీదే నా స్నేహితుడి ఇల్లు. అతను సాయిబు. దేశమంతా లారీ తోలి, మోకాళ్ళు అరిగాక స్టీరింగు వదిలి నాలుగు గేదెలు పెట్టుకున్నాడు. నేను భాయ్ అంటాను, అతను నన్ను అన్నా అంటాడు. మొగుడూ పెళ్ళాం ఆ పాల మీదే బతుకుతున్నారు. గేదెకి మేత ఒక్కటే చాలదు; ఎండ పూట మెడ దాకా నీళ్ళలో పడుకోకపోతే పాలు ఎగ్గొడుతుంది. అతని గేదెలకి ఆ కుంట తప్ప వేరే నీళ్ళు లేవు. కుంట పోతే గేదెలు పోతాయి. అంతే సంగతి.

ఒక ఎండాకాలం నన్ను పిలిచి గట్టు మీద నిలబెట్టాడు. కుంట సగం మీద నురగ మెత్తలు మెత్తలుగా పేరుకుని గాలికి ఊగుతోంది. అంచుల్లో అది ఎండి గోధుమరంగు పెచ్చులు కట్టింది. కుళ్ళిన గుడ్డల్లో అత్తరు పోసినట్టు వాసన. గేదెలు గట్టు మీద నిలబడి మోరలు చాచి, ముక్కులు ఎగబీల్చి వెనక్కి తిరుగుతున్నాయి.

"చూశావా అన్నా, నాకంటే వీటికే బుద్ధి ఎక్కువ. నేనైతే గోలీసోడా అనుకుని తాగేసేవాణ్ణి" అన్నాడు.

నేను నవ్వలేదు. అక్కణ్ణించి నేరుగా షెడ్డుకి పోయి మేనల్లుణ్ణి నిలదీశాను.

"ఏరా, నీకు గ్రీజు పోవడం కావాలా, నురగ కావాలా?"

"మావయ్యా, నువ్వు పుస్తకాలు చదివినోడివి, నీకు చెప్పేటంతోణ్ణి కాను. కానీ లారీ కనపడకుండా నురగ కమ్మితేగానీ డ్రైవరు ఒప్పుకోడు. నురగ తగ్గిందనుకో, 'ఏందిది, నీళ్ళు చల్లి పంపిస్తన్నావా?' అంటాడు. పక్క షెడ్డుకి పోతాడు. నన్నేం చెయ్యమంటావ్?"

సబ్బు బిళ్ళలు తిరిగిచ్చిన ఆడవాళ్ళు గుర్తొచ్చారు. ఇన్నేళ్ళలో చీరల బదులు లారీలు వచ్చాయి. అంతకుమించి మారిందేమీ లేదు.

ఆ వర్షాకాలంలోనే విజయవాడ నుంచి ఒక కంపెనీ ఏజెంటు షెడ్డుకి వచ్చాడు. టక్ చేసుకుని, మెళ్ళో కార్డు తగిలించుకున్నాడు. "ఇది స్మార్ట్ ఫోమ్ అండి" అని మొదలుపెట్టాడు. స్మార్టు అన్న మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. ఫోన్లు అయ్యాయి, మీటర్లు అయ్యాయి, ఇక నురగకి కూడా తెలివి వచ్చిందన్నమాట, మనుషులకి తప్ప. కానీ అతను బకెట్లో నురగ లేపి, చిన్న సీసాలోంచి పులుపు నీళ్ళు ఒక మూత పోశాడు. పొంగుతున్న పాల మీద నీళ్ళు చల్లినట్టు ఆ నురగంతా చప్పున దిగిపోయింది. గ్రీజు పైకి తేలింది. గరిటెతో దాన్ని తీసేసి, సున్నపు తేట పోసి, గొట్టంతో గాలి కొట్టాడు. మళ్ళీ నురగ!

నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. ఇంటికెళ్ళాక మనవరాలి ఫోనులో దీని గురించి దొరికినదంతా చదివాను. నాకు అర్థమైనంతలో సంగతి ఇది. సబ్బు లాంటి మందు ప్రతి బుడగ చుట్టూ పలచటి పొర కడుతుంది. దానితో పాటు పాలిమర్ అనే పదార్థం ఉంటుంది, కంటికి కనపడని పొడుగాటి దారాల్లాంటిది. ఈ దారాలు ఆ మందుతో పెనవేసుకుని పొరకి వల అల్లినట్టు బలం ఇస్తాయి. అందుకే బుడగ పగలదు. నీళ్ళలోకి పులుపు చేరగానే వాటి పొత్తు చెడుతుంది. దారాలు ముద్దలు కడతాయి, వల వదులవుతుంది, బుడగ పేలిపోతుంది. పులుపుని సున్నంతో విరిస్తే మళ్ళీ విచ్చుకుని పొత్తు కుదురుతుంది. నిలబడమంటే నిలబడి, పడమంటే పడే నురగ! డెబ్భై ఏళ్ళు దాటాక మొదటిసారి ఒక నురగ మీద గౌరవం కలిగింది.

మేనల్లుడి వెంటపడ్డాను. మా అక్కతో చెప్పించాను. చివరికి ఆ కొత్త మందు తెప్పించి, ర్యాంపు కింద సిమెంటు తొట్టి కట్టించాడు. కడిగిన నీళ్ళన్నీ అందులోకి దిగుతాయి. సాయంత్రం పులుపు పోస్తే నురగ పడిపోతుంది. తేలిన గ్రీజు డబ్బాకెత్తి, అడుగున దిగిన మట్టి వదిలేసి, మిగతా నీళ్ళే మర్నాడు సున్నపు తేట పోసి మళ్ళీ వాడకం. కాలవలోకి చుక్క పోదు. డ్రైవర్లకి మాత్రం పగలంతా దూదికొండ అలాగే కనపడుతుంది. పైగా సిమెంటు దుమ్ములో సున్నం గుణం ఉంటుంది కాబట్టి ఆ లారీల మీద ఈ నురగ ఇంకా బిర్రుగా నిలబడేది.

వానలకి కుంట కడుక్కుపోయింది. కొత్త నీళ్ళు నిండాయి. ఒక మధ్యాహ్నం నేను గట్టు మీద ఉండగానే, భాయ్ గేదెల్లో పెద్దది మూతి ముంచి చూసి, ముందు కాళ్ళు దించి, నిట్టూర్చి మెడ దాకా కూచుంది. మిగతావి దాని వెనకే దిగాయి. భాయ్ భార్య ఇంట్లోంచి గడ్డ పెరుగు తెచ్చి నా ముందు పెట్టింది. "తినండన్నా, మీ నురగ పుణ్యమే" అంది. నా నురగట! ఆ మాటకి సిగ్గేసింది గానీ, పెరుగు మాత్రం తిన్నాను.

ఆయుధపూజ వచ్చింది.

మా వైపు ఆ రోజు బండి కడిగి, బొట్టు పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించనిదే ఎవడూ రోడ్డెక్కడు. నందిగామ నుంచి ఒక లారీల ఆసామి మూడు కొత్త లారీలతో మావాడి షెడ్డుకి వచ్చాడు. అతని బండ్లన్నీ తన షెడ్డుకి రావాలని మావాడు ఎన్నాళ్ళుగానో కాచుక్కూచున్నాడు. మొదటి లారీ ర్యాంపు ఎక్కింది. నలుగు పెట్టిన పెళ్ళికొడుకులా నిలువెల్లా నురగ కమ్మింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. నీళ్ళు కొట్టే మోటారు ఆగింది.

ఆసామి చేతి గడియారం చూసుకుంటున్నాడు. "అయ్యగారు పెట్టిన టైము దాటిపోతంది. ఎట్టా?"

"నురగ ఉంటే ఏవైందండీ? దిష్టి తీసేద్దాం. కరెంటొచ్చాక కడుగుతాం" అన్నాడు మావాడు.

డ్రైవరు నిమ్మకాయలు అడ్డంగా కోసి, కుంకంలో అద్ది, లారీ ముఖం చుట్టూ తిప్పి, బానెట్ పైన గట్టిగా పిండాడు. రసం కారిన దారంతా నురగ దిగిపోయింది. రెండు పక్కలా తెల్లగా నిలబడి, మధ్యలో మాత్రం గాడి పడి, ఆ గాడిలో కుంకం నీళ్ళు ఎర్రగా కిందికి జారాయి. సిమెంటు లారీ అయితే నాలుగు నిమ్మకాయలకి ఆ నురగ లొంగేది కాదు. ఇది కొత్త లారీ, దాని మీద దుమ్మన్నదే లేదు. ఈ సంగతి టక్ చేసుకున్న ఏజెంటుకీ తట్టలేదు, ఈ గడ్డ మీదే పుట్టి పెరిగిన నాకూ తట్టలేదు.

 ముందు ఒక క్లీనరు అరిచాడు. "నురగ చచ్చిపోయిందిరోయ్!"

"తల పగిలినట్టు లేదూ?" అన్నాడు ఇంకొకడు.

డ్రైవరు చేతిలో కాయ కింద పడేసి దూరం జరిగాడు. "నేనెక్కనండి. కొత్త బండి, మొదటి రోజు... నాకు పెళ్ళాం పిల్లలున్నారు."

నేను ముందుకెళ్ళి గొంతు చించుకున్నాను. "ఓరి నాయనల్లారా! అది పులుపు తగిలితే పడిపోవాలనే చేసిన నురగ! నిమ్మకాయలో పులుపుంటుందా, ఉండదా?"

ఆసామి నా వైపు జాలిగా చూశాడు. "పడిపోవాలని చేస్తారా అండీ ఎవరన్నా?" అన్నాడు.

మిగతా రెండు లారీలూ ర్యాంపు ఎక్కకుండానే తిరిగిపోయాయి. సాయంత్రానికి ఆ రోడ్డు మీద హోటళ్ళన్నిటికీ వార్త చేరింది. ఆ షెడ్డులో నురగ చస్తుందట. రెండు రోజుల్లో సిమెంటు లారీలు కూడా మావాడి షెడ్డు ముందు వేగం పెంచి పోసాగాయి.

నేను ఊరుకోలేదు. ఒక సీసాలో ఆ మందు, జేబులో నిమ్మకాయ, ఇంకో చిన్న సీసాలో సున్నపు తేట పెట్టుకుని నందిగామ బస్సెక్కాను. ఆసామి ఆఫీసులో చల్లటి మజ్జిగ ఇచ్చి కూచోబెట్టారు. మర్యాదకేం లోటు లేదు. అతని బల్ల మీదే సీసా ఊపి నురగ లేపాను. నిమ్మకాయ పిండాను. పడిపోయింది. "చూశారా, ఇది మీ లారీ దోషం కాదు, మీ జాతక దోషమూ కాదు. ఇప్పుడు చూడండి" అని సున్నపు తేట పోసి మళ్ళీ ఊపాను. నురగ గలగలా లేచి సీసా మెడ దాకా వచ్చింది.

ఆసామి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "చచ్చింది మళ్ళీ లేచిందా! వామ్మో, ఇది ఇంకా డేంజరండీ. ముందు దాన్ని బయట పెట్టించండి."

పక్కనే అతని బావమరిది ఉన్నాడు. ఎం.టెక్ చదివాడట. లెక్కలవీ చూస్తున్నాడు. నేను ఆశగా అతని వైపు తిరిగాను. అతను సీసా అందుకుని వెలుతురుకి పెట్టి చూసి, "పి.హెచ్. మారితే ఫోమ్ కొలాప్స్ అవుద్ది. సైన్స్ కరెక్టే బాబాయ్ గారూ" అన్నాడు.

"మరి ఆ మాట మీ బావగారికి చెప్పు నాయనా."

"సైన్స్ సైన్సేనండి. సెంటిమెంట్ సెంటిమెంటే" అని నవ్వి, సీసాని రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి గుమ్మం బయట పెట్టి, వచ్చి చేతులు కడుక్కున్నాడు.

తెలియనివాణ్ణి క్షమించగలను. ఆసామి మీద నాకు పెద్ద కోపం లేదు. కానీ తెలిసి, ఒప్పుకుని, ఆ తెలిసినదాన్ని గుమ్మం బయట పెట్టి చేతులు కడుక్కునేవాణ్ణి మాత్రం క్షమించలేను. ఆ మజ్జిగ తిరుగు బస్సులో పులితేపులై గొంతులోకి వచ్చింది.

మావాడు వారం తిరక్కుండా పాత డిటర్జెంటుకి మారిపోయాడు. "చచ్చే నురగ నాకొద్దు మావయ్యా, నేను బతకాలి" అన్నాడు. పోగొట్టుకున్న పేరు తెచ్చుకోవాలిగా, పొడి ఇంతకుముందుకి రెట్టింపు వేశాడు. తొట్టిలో పాత టైర్లు పడేసుకున్నాడు. షెడ్డు ముందు 'గట్టి నురగ గ్యారంటీ' అని బోర్డు రాయించాడు. లారీలు తిరిగొచ్చాయి.

కుంట మీద నురగ మళ్ళీ మొదలై, మాఘమాసం దాటేసరికి నీళ్ళు కనపడకుండా కమ్మేసింది. భాయ్ కొన్నాళ్ళు ఇంటి కుళాయి నీళ్ళు బిందెలతో గేదెల మీద పోశాడు. గేదెకి బిందె నీళ్ళు ఏ మూలకి? ఒకదాని తర్వాత ఒకటి పాలు తగ్గించాయి. నేను మేనల్లుడి గడప తొక్కడం మానేశాను. వాడు చెడ్డవాడు కాదు. అక్క కొడుకు, నా చేతుల్లో పెరిగాడు. అందుకే వాడిలో కదలిక వచ్చింది. ఒకరోజు తనే మా ఇంటికొచ్చాడు.

"మావయ్యా, ఆలోచించా. నిమ్మకాయకి నురగ చస్తదిగా? కళ్ళారా చూశాంగా? కుంటలో ఒక బస్తా నిమ్మకాయలు పోస్తే?"

"ఒరే, అది ఆ నురగ. ఇది ఈ నురగ. డిటర్జెంటు నురగకి పులుపంటే లెక్కలేదు. తోట మొత్తం పోసినా చావదు."

"ఒకసారి చూద్దాం మావయ్యా, పోయేదేవుంది?"

"పొడి వెయ్యడం మానెయ్యి. అదే మందు."

"అదొక్కటి అడగమాక."

మార్కెట్లో అమ్ముడుపోక మిగిలిన మచ్చల నిమ్మకాయలు ఆటోలో తెచ్చాడు. షెడ్డు మనుషులు వాటిని చాకుతో గాట్లు పెట్టి కుంటలోకి విసిరారు. నేనూ భాయ్ గట్టు మీద నిలబడి చూశాం. కాయలు మునగలేదు. నురగ వాటిని పరుపు మీద పిల్లల్లా మోసింది. తెల్లటి రోత మీద పచ్చటి కాయలు, చూడటానికి పెళ్ళి డెకరేషన్‌లా ఉంది. చెబితే వినరు, చూసినదాంట్లో నేర్చుకోకూడనిది మాత్రం ఏరి ఏరి నేర్చుకుంటారు. నాలుగు రోజులకి ఆ కాయలకి బూజు పట్టింది. వాసన రెట్టింపైంది.

భాయ్ గేదెల్ని అమ్మేశాడు. చందర్లపాడు వైపు రైతు ఒకాయన నాలుగింటినీ తోలుకెళ్ళాడు. "అక్కడ కృష్ణ నీళ్ళున్నయి అన్నా. వాటి బతుకు బాగుపడింది" అన్నాడు భాయ్. పలుపుతాళ్ళు రైతుకి ఇవ్వలేదు. ఇంట్లో మేకుకి తగిలించుకున్నాడు. భాయ్ భార్య ఇప్పుడు పాకెట్ పాలు కొంటోంది.

ఈ మధ్య సాయంత్రాలు మేమిద్దరం ఆ గట్టు మీదే కూచుంటున్నాం. వేరే చోట కూచోవచ్చు. అలవాటు. మొన్న ఒక లారీ రోడ్డు పక్కన ఆగింది. డ్రైవరు, ఈ ప్రాంతానికి కొత్త మనిషి, కుంట మీద తేలుతున్న నిమ్మకాయల్ని చూసి దిగి వచ్చాడు. మావాడు పోసినవి ఎప్పుడో కుళ్ళిపోయాయి. అవి కొత్తవి. కొన్నిటికి కుంకం కూడా ఉంది. దారిన పోయే బండ్లవాళ్ళు వేసి పోతున్నారని నాకు అప్పుడర్థమైంది.

"పెద్దాయనా, ఇక్కడ ఏ అమ్మవారండీ?" అన్నాడు.

 ఉమ్మేద్దామన్నా నోరెండిపోయింది. భాయే జవాబిచ్చాడు.

"ఎవరూ లేరు బాబూ. ఇక్కడుండేవి ఎళ్ళిపోయినయి."

 ఎందుకైనా మంచిదనుకున్నట్టుంది, డ్రైవరు చెప్పులు విడిచాడు. క్యాబిన్ ముందు కట్టిన దండలోంచి నిమ్మకాయ ఒకటి తెంపుకొచ్చి, కళ్ళకద్దుకుని కుంటలోకి విసిరి, దండం పెట్టుకున్నాడు. కాయ నురగ మీద మెత్తగా పడింది. కొంచెం దొర్లి, పక్కనున్న కాయకి తగిలి ఆగింది. మునగలేదు.